తుమ్మకాయల సంచి

పొద్దుగాల ఆరింటికి కోస్గిల బస్సెక్కిన. నకిరేకల్ హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికొచ్చి నాల్గు దినాలైంది. ఇంట్ల అవ్వ ఉన్నది గని నా చుక్క లేదు. మా బాపు గొర్లమందను కొత్తకోట దిక్కు తోలుకపోయిండు. వరికోతలైనంక పొలాల్ల మంద ఆపితె గొర్లకు మేత, రైతుకు ఎరువు. చుక్క గా మందల గొర్రె. పుట్టిన్నాడే తల్లి సచ్చిపోతె, మేకపాలు సీసల పోసి నేనే సాదిన. బడికి గూడ నా ఎనకాలనే వచ్చేది.

ఒళ్లె సంచి నిండ తుమ్మకాయలు. చుక్కకు అవంటె పానం.

"గా సంచిల ఏముంది బిడ్డా?" ఆడోళ్లకిచ్చె పైసల్లేని జీరో టికెట్ ఇచ్చుకుంట కండక్టర్ అడిగిండు.

"మా చుక్కకు తిండి."

"చెల్లెనా?"

"గొర్రె."

బస్సంత నవ్విండ్రు. నవ్వితె నవ్వనీ.

ఎనిమిదింటికి మహబూబ్‌నగర్‌ల దిగి, ఇడ్లి తిని, కొత్తకోట బస్సు పట్టిన. ఈ దారిన పోయెటోళ్లు కుడిదిక్కు కూసోండ్రి, పొద్దటెండ కొట్టదు.

పదింటికి కొత్తకోటల దిగిన. అవ్వ ఫోన్ల చెప్పినట్టుంది, బాపు రోడ్డు మీదికే ఎదురొచ్చిండు. నా మొకం చూడకుంట, "బిడ్డా, దాన్ని పిలవకు" అన్నడు.

"గట్లంటవేంది బాపు! దాని కోసమే గద వచ్చిన."

"నువ్ హాస్టల్‌కు పోయినంక అది మందల కలవలే. నిన్ను దేవులాడుకుంట రోడ్డెక్కింది. లారీ తగిలి కాలిరిగింది. నీకు చెప్తె చదువిడిసి వస్తవని చెప్పలే. ఇప్పుడిప్పుడే మందతోని పోతాంది. పిలిస్తె మళ్ల నీ ఎంట పడ్తది."

నాకు ఏడుపాగలే. తప్పు నాదే. తల్లి లేని పిల్లను మావోళ్లు ఇంకో గొర్రె పొదుగుకు అలవాటు చేస్తరు. బాపు గట్లనే చేద్దామంటె నేనే కొట్లాడిన. నా పిల్ల, నేనే సాదుకుంటనన్న.

గట్టు ఎనక కూసొని చూసిన. నొసట తెల్లచుక్క, కుంటుకుంట మేస్తాంది. బాపు తుమ్మకాయలు మందంతటికి చల్లిండు. చుక్క ఒక కాయ కొరికి, తల లేపి, నాల్గు దిక్కులు చూసింది. నా చేతి వాసన తెల్సినట్టుంది. రెండు చేతులతోని నోరు మూసుకున్న. జర సేపటికి అది తల దించి, పక్క గొర్రె ఎంట పోయింది. మంచిగైంది అనుకున్న.

మూడింటికి తిరుగు బస్సు. పక్క సీటు ఖాళీ. ఒళ్లె ఒట్టి సంచి. ఊరు దాటినంక కిటికీల మొకం పెట్టి మెల్లగ పిలిచిన. "చుక్కా, దా... దా."

ముందు సీట్ల ముసలవ్వ మర్లి చూసింది. "ఎవర్ని పిలుస్తున్నవ్ బిడ్డా?"

"ఎవ్వర్ని గాదవ్వా" అన్న.