కారు గీసినాయన పేరు

ఈ రోజు మా ఇటలీ కారును తుక్కుకి ఇచ్చి వచ్చాను. ఈ సింగపూర్‌లో కారుకి పదేళ్ళే పర్మిట్, మా దానికి ఈ వారంతో తీరిపోయింది. దాన్ని నడిపిన మా ఆయన పోయిన దీపావళికి ముందే కన్నుమూశారు.

ఆ కారెక్కిన ప్రతివారికీ ఆయన ఒకటే పురాణం వినిపించేవారు. ఇటలీలో ఇంజను చేసేవాళ్ళు వేరు, బాడీ గీసేవాళ్ళు వేరట. మనం దర్జీకి గుడ్డ ఇచ్చినట్టు, వెనకటికి కంపెనీలు ఉత్త చట్రాన్ని పంపితే వాళ్ళు రేకుతో ఒళ్ళు తొడిగేవారట. మా పేట యూ టీలో మొదలుపెడితే ఊరికి ఆ చివరున్న రాఫెల్స్ ప్లేస్ వచ్చినా అయ్యేది కాదు. పాపం, ఆయన్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

తుక్కు యార్డులో కారు తీసుకున్నాయన మలేషియాలో పుట్టిన తెలుగువాడు, యాభై దాటినవాడు, మాటలో తమిళమూ ఇక్కడివాళ్ళ ‘లా’ అనే ఊతపదమూ కలిపేవాడు. కారు చుట్టూ తిరిగి, తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

“ఆంటీ, ఈ బండి రొంబ అందంగా ఉంది లా. గీసింది ఎవరు?”

“ఇటలీ ఆయన.”

“పేరు?”

నా నోటికి తడబాటు తెలియదని మన గ్రూపులో మీకందరికీ తెలుసు. ఎంత తడుముకున్నా పేరు రాలేదు.

“మా ఆయన్ని అడిగి చెబుతాను బాబూ,” అన్నాను.

అతను తలూపి కారును లోపలికి తీసుకెళ్ళాడు.

నెట్‌లో దొరుకుతుందని ఎవరూ చెప్పకండి, ఆ మాత్రం నాకూ తెలుసు. మా కారు వెనకసీట్లో కూర్చుని ఊఁ కొట్టిన మీలో, ఆయన నోట ఆ పేరు నిజంగా విన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?