దాచుకున్న సబ్బునీళ్లు

హఫీజ్‌పేట్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు ఎండిపోయి, ట్యాంకర్ ఎప్పుడొస్తే అప్పుడే స్నానం అన్న రోజుల్లో నాలో ఒక శాస్త్రవేత్త నిద్ర లేచాడు. హైటెక్ సిటీ ఆఫీసులో నేను చేసేదల్లా ఇతరుల పనికి గడువులు పెట్టడం. అయినా రెండు వీడియోలు చూసి, వాషింగ్ మెషీన్ వదిలే నీళ్లను వడకట్టి బాత్రూమ్ ఫ్లష్‌కు వాడతానని ఇంట్లో ప్రకటించాను. "ముందు ఆ కారే కుళాయి బాగుచేయించండి" అంది మా ఆవిడ. ఈమెకు దూరదృష్టి లేదని జాలిపడ్డాను.

వంటింటి వెనక బాల్కనీలో రెండు నీలం డ్రమ్ములు పెట్టాను, ఒకటి ఎత్తు స్టూలు మీద, ఒకటి దాని పక్కన కింద. పైదాంట్లో కంకర, ఇసుక, బొగ్గు. మెషీన్ గొట్టం అందులోకి. కింది డ్రమ్ములోకి నీళ్లు దాదాపు తేటగా దిగేసరికి ఫోటో తీసి అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాలని చేతులు దురదపెట్టాయి. డ్రమ్ము పూర్తిగా నిండాక పెడితే ఇంకా గొప్పగా ఉంటుందని ఆగాను. అందుకే సంగతి మా ఇల్లు దాటలేదు.

ట్యాంకర్ల కాలంలో మా అందరిదీ ఒకటే అలవాటు. బిందెలు, బకెట్లు, చివరికి ప్రెషర్ కుక్కర్ కూడా నింపి పెట్టుకుంటాం. నిండిన గిన్నె కనిపిస్తే గానీ గుండె కుదుటపడదు. మంచినీళ్లకు పనికొచ్చే ఆ అలవాటును నేను సబ్బునీళ్లకూ అంటగట్టాను. తీరా నీళ్లు చేరాక ఫ్లష్‌లో పోయడానికి మనసొప్పలేదు. వాడిన నీళ్లను ఏ రోజువి ఆ రోజే ఖర్చు చేయాలని వీడియోలో చెప్పే ఉంటారు. ఆ ముక్క వచ్చేసరికి నేను ముందుకు జరిపి ఉంటాను. రోజూ సాయంత్రం ఇంటికి రాగానే మూత తీసి, ఎంత నిండిందో చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

నాలుగో రోజుకు కంపు మొదలైంది. వంటిళ్ల వెనక పైపులు దిగే సందులోంచి అది ఐదంతస్తులకూ పాకింది. "డ్రైనేజీ పొంగినట్టుంది" అని ముక్కు మూసుకుని అందరికంటే ముందు నేనే అన్నాను. ఆ సాయంత్రం మూత తీశాక తెలిసింది. గబుక్కున మూసేసి చేతులు కడుక్కున్నాను.

ఆదివారం మీటింగులో సెక్రటరీ గారు తేల్చేశారు. "ఆవిడ సందు సరిగ్గా కడగట్లేదండి. మనిషిని మారుద్దాం." ఆవిడంటే మా మెట్లూ సందులూ శుభ్రం చేసే ఆమె. నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చి మా సెల్లార్ గదిలోనే కాపురం ఉంటోంది. పని పోతే గది కూడా పోతుంది.

"రెండు పూటలా కడుగుతున్న సార్" అంది తలుపు దగ్గర నిలబడి.

ఆఫీసులో రోజూ పదిమందికి బాధ్యత గురించి ఉపన్యాసాలిచ్చే నేను తల వంచుకుని ఫోన్ చూసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. చచ్చిపోతూనే ఇచ్చిన సమోసా కూడా తిన్నాను. అందరూ కుర్చీలు మడుస్తుండగా లేచి, "ఆ కంపు మా డ్రమ్ముదండి" అన్నాను. నమ్మక, నలుగురు మా బాల్కనీకి వచ్చారు. సెక్రటరీ గారే మూత ఎత్తారు. తర్వాత ఆమెను మార్చే మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఆమే ఫినాయిల్ తీసుకొచ్చి డ్రమ్ము కడగడానికి సాయం పట్టింది.

"ఏమనుకోకమ్మా, నా వల్ల నీకు మాటొచ్చింది" అన్నాను.

"నాకు మొదటి దినమే ఎరుక సార్. రోజూ సందు కడిగేదాన్ని, వాసన ఏ ఇంట్లకెల్లి వస్తుందో తెల్వదా?"

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

ఆమె చీపురు ఆపలేదు. "నేను చెప్తే ఎవరు నమ్ముతరు సార్? మీరు ఎప్పుడు చెప్తరా అని మీ మొకం దిక్కే చూసుకుంట నిలబడ్డ. చానసేపు నిలబడ్డ."