స్ప్రింగులు తీసేసే అక్క

మా అక్క ఎవర్నీ నమ్మదు. గోడ గడియారాన్ని చేతి గడియారంతో, చేతి గడియారాన్ని ఫోనుతో సరిచూస్తుంది. మూడూ ఒకే టైము చూపిస్తే మూడూ కూడబలుక్కున్నాయని అనుమానిస్తుంది. ఫిజియోథెరపీ చదివింది కాబట్టి సరిపోయింది గానీ, పోలీసుల్లో చేరి ఉంటే సగం ఊరు లోపల, మిగతా సగం బెయిలు మీద ఉండేది.

నా సంగతి వేరు. నేను చదువు మధ్యలో మానేశానని మావాళ్ళంటారు. నిజానికి నాకు చెప్పాల్సింది అయిపోయి కాలేజీయే చేతులెత్తేసింది. ఆ రోజుల్లో నేను పరిగెత్తేవాణ్ణి. ఎంత వేగమంటే, నేను ఇంటికొచ్చి స్నానం చేసి కూచున్నాక నా నీడ ఆయాసపడుతూ వచ్చి మంచినీళ్ళడిగేది. అంతటివాణ్ణి ఇప్పుడు ముప్పై ఆరేళ్ళ వయసులో అక్క క్లినిక్ ముందుగదిలో కూచుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ చాపలు తుడుస్తున్నాను.

ఆ క్లినిక్ ఒకప్పుడు టైలరు కొట్టు. గోడ మీద ఎవరివో నడుం కొలతలు ఇప్పటికీ సుద్దతో రాసున్నాయి. నేల ఊడిస్తే వారానికో గుండీ దొరుకుతుంది. భుజం నొప్పని వచ్చినవాడి చేత అక్క ముందు చెప్పులు విప్పిస్తుంది. వాటిని తిరగేసి, ఏ మూల ఎంత అరిగిందో కిటికీ దగ్గర వెలుతుర్లో చూస్తుంది.

"నొప్పి ఉన్నచోట దొంగ ఉండడురా తమ్ముడూ, అది దొంగలు పడ్డ ఇల్లు. దొంగ పక్కవీధిలో ఏమీ ఎరగనట్టు కూచుంటాడు."

రెండేళ్ళ కిందట ఆ గదిలోకి ఒక మంచం దిగింది. పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారే పరుపుపలక, కాళ్ళవైపు ఒక అడ్డకమ్మి, కింద ఐదు స్ప్రింగులు. పిలాటీస్ మంచం అంది అక్క. ఫిజియోథెరపీతో దెబ్బ మానుతుంది. దీని మీద ఊపిరి, నడుం, కాలు కలిసి పనిచేయడం నేర్చుకుంటాయి. రెండూ కలిస్తే ఆటగాళ్ళు అదే చోట మళ్ళీ దెబ్బ తినరని చెప్పింది. నేను నమ్మలేదు. అనుమానం మా ఇంటి ఆస్తి. మా నాన్న దాన్ని అక్కొక్కదానికే రాసివ్వలేదు.

ఆ మంచం మీదికి వచ్చింది మెరుపు. నాలుగొందల మీటర్లు పరిగెత్తే అమ్మాయి. మైదానంలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. రెండేళ్ళు వరసగా జట్టు ఎంపికలో రెండో మలుపు దగ్గరే ఎడమ తొడ వెనక కండ పట్టుకుని కూలబడింది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఎంపికకి ఇంకా తొమ్మిది వారాలుంది. ఈసారీ కూలబడితే ఇక పరుగు అనే మాటే లేదు.

అక్క ఆ అమ్మాయి బూట్లు తిరగేసింది. ఎడమది లోపలి అంచున కొరికినట్టు అరిగిపోయింది. "ఇవి పారేసి రేపే కొత్తవి కొను" అంది. తర్వాత మంచం మీద పడుకోబెట్టి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టి, "మలుపు దగ్గర ఊపిరి బిగబడతావు కదూ?" అని అడిగింది.

"ఏమో మేడమ్, ఎప్పుడూ చూసుకోలేదు."

"బిగబడతావు. నడుం పక్కకి ఒరుగుతుంది. తప్పు నడుముది, దెబ్బలు తినేది తొడ."

మర్నాటి నుంచి పని మొదలైంది. వెల్లకిలా పడుకుని, పాదాలు కమ్మికి ఆనించి, నడుం పైకెత్తాలి. అలాగే పలకని మెల్లగా బయటికి జార్చి మళ్ళీ లోపలికి లాక్కోవాలి, ఊపిరి ఆపకుండా. మొదటి వారం మూడు స్ప్రింగులు తగిలించింది. మూడో వారానికి ఒకటి తీసేసింది. ఐదో వారంలో ఇంకోటి తీసేసింది. మెరుపు కాళ్ళు వణికాయి.

ఇది మెరుపుకి పరుగు నేర్పే కోచ్ గారి కంట పడింది. ఆయన మెళ్ళో ఈల వేసుకునే పుట్టాడని, మొదటి ఏడుపు కూడా ఈలేనని నా పరిశోధన. నన్ను చెయ్యి పట్టుకుని టీ బడ్డీ దగ్గరికి లాక్కెళ్ళాడు.

"ఏమయ్యా, లోకంలో ఎక్కడైనా బలం రావాలంటే బరువు పెంచుతారా, దించుతారా?"

"పెంచుతారు సార్."

"మరి మీ అక్కయ్యగారు స్ప్రింగులు ఒక్కోటీ పీకేస్తోందేం? పిల్లని నీరుగారుస్తోంది. పడుకోబెట్టి పరుగు నేర్పుతానన్నప్పుడే నాకు తేడా కొట్టింది." ఆయన గొంతు తగ్గించాడు. "మనతో పోటీపడే అవతలి మైదానం అమ్మాయి కూడా మీ దగ్గరికి వస్తోందట కదా?"

పరిగెత్తుకెళ్ళి పుస్తకం తిరగేశాను. నిజమే! ప్రతి గురువారం పదకొండింటికి అవతలి మైదానం అమ్మాయి, నా చేత్తో నేనే రాసుకున్నాను. నా బుర్రలో దీపం వెలిగింది. అక్క ఒకరిని పైకి లేపడానికి మెరుపుని కిందికి దించుతోంది! నేను గనక లేకపోతే ఆ పిల్ల గతేమిటి?

మర్నాడు పొద్దున మంచం తుడిచేటప్పుడు, అక్క తీసేసిన రెండు స్ప్రింగులూ తగిలించేశాను. అవి పలక కిందుంటాయి, వంగి చూస్తే తప్ప కనబడవు. మెరుపు వచ్చి పడుకుంది. నడుమెత్తింది. పలక ఇలా వెళ్ళి అలా వచ్చేసింది.

"మేడమ్, ఇవాళ భలే తేలిగ్గా ఉంది!"

కిటికీలోంచి చూస్తున్న కోచ్ గారు నాకేసి కన్ను కొట్టాడు. తేలిగ్గా ఉందంటే బలం వచ్చిందనే కదా అనుకున్నాను. బరువు పెంచితే తేలికెలా అవుతుందన్న ప్రశ్న మాత్రం నా అంతటివాడి బుర్రకి కూడా తట్టలేదు. అక్క మెరుపుని మంచం దింపి, నున్నటి గచ్చు మీద మడమల కింద తుండుగుడ్డ వేసి, అదే పని ఇంకో అరగంట చేయించింది. అమ్మాయికి చెమటలు కారిపోయాయి. ఇదేం కొత్త పిచ్చి అనుకున్నాను.

నాలుగో రోజు, మెరుపూ కోచ్ గారూ ఉండగానే అక్క నన్ను పిలిచింది.

"ఒరేయ్, చెప్పులు విప్పి మంచమెక్కు."

"నేనా? నేనెక్కితే మంచం పట్టాలు తప్పి వీధిలోకి పోతుందక్కా."

"పోనీ చూద్దాం."

ఎక్కాను. అక్క మూడు స్ప్రింగులు ఉంచింది. నడుమెత్తి జార్చాను, పలక దానంతటదే లోపలికొచ్చింది. ఈలేశాను. వంగి రెండు తీసేసింది. "ఇప్పుడు జార్చు" అంది. జార్చాను. పలక బయటికి పోయింది, తిరిగి రానంది. లాగబోతే తొడ వెనక కండ రాయిలా పట్టేసింది. నేను పెట్టిన కేకకి బస్టాండులో రెండు బస్సులు టైము కాకుండానే కదిలిపోయాయి.

"అబ్బా! అక్కా! చచ్చాను!"

అక్క కాలు సాగదీస్తూనే అడిగింది. "ఎన్ని రోజుల్నించి తగిలిస్తున్నావు?"

"మూడు."

"నాలుగు. స్ప్రింగు కొక్కానికి సుద్దగీత పెడతాను. చెరిగిపోతే చెయ్యి పడిందన్నమాట. ఈ స్ప్రింగు బరువు కాదురా, చేతికర్ర. పలకని అదే లోపలికి లాగేస్తుంది, తొడకి పనుండదు. కర్ర తీసేస్తే గానీ కాలు నిలబడ్డం నేర్చుకోదు."

"తెలిసీ నాలుగు రోజులు ఊరుకున్నావా?"

"ఊరుకోలేదుగా, గచ్చు మీద చేయించాను. ఆ చెయ్యి ఎవరిదో తేలాలి కదా! సుఖం మరిగి ఈ పిల్లే తగిలించుకుందేమో, ఈయన తగిలించారేమో, నువ్వేమో. నీ వేళ్ళకి సుద్ద కనబడేదాకా ముగ్గురి మీదా అనుమానమే."

మెరుపు మొహం ముడుచుకుంది. "నన్ను కూడానా మేడమ్?"

"ముందు నిన్నే."

కోచ్ గారు ఈల సర్దుకుని, "మరి గురువారం వచ్చే ఆ అమ్మాయో?" అన్నాడు.

"ఆ పిల్ల డిస్కస్ విసురుతుందండీ. మణికట్టు నొప్పి. పరిగెత్తదు."

కోచ్ గారు నావైపు చూశాడు. నేను తొడ పట్టుకుని గోడ మీది నడుం కొలతలు చదువుకున్నాను.

ఎంపిక రోజున అందరూ గెలుపుగీత దగ్గర మూగారు. మొదటి ముగ్గురికే చోటు. అక్క మాత్రం రెండో మలుపు దగ్గర తీగెల కంచె పట్టుకుని నిలబడింది. మెరుపు మలుపులోకి వచ్చింది. నేను ఎడమ కాలు చూస్తున్నాను. అక్క కాళ్ళవైపే చూడలేదు, పక్కటెముకలు చూస్తోంది.

"తీసుకో," అని గొణిగింది. "తీసుకోవే ఊపిరి."

పక్కటెముకలు పొంగాయి. నడుం ఒరగలేదు. మలుపు దాటిపోయింది. ఆ అమ్మాయి మూడోదిగా గీత దాటితే కోచ్ గారు స్టాప్‌వాచీని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, అది పనిచేస్తోందో లేదోనని.

మెరుపు ఏడుస్తూ, నవ్వుతూ వచ్చి అక్క మీద పడబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రోజూ వేసుకునే బూట్లేవి?"

సంచీలోంచి తీసి ఇచ్చింది. అక్క వాటిని తిరగేసి ఎండకి పట్టింది. ఎడమదీ కుడిదీ ఒక్కలాగే, సరిసమానంగా అరిగాయి. అక్క కళ్ళు చిన్నవయ్యాయి.

"నిజం చెప్పు. ఇవి నిన్నగాక మొన్న కొన్నవి కదూ?"

"మీరే కదా మేడమ్ మొదటి రోజు కొనమన్నారు! తొమ్మిది వారాలుగా ఇవే."

అక్క ఇంకోసారి తిరగేసింది. అంచులు వేలితో తడిమింది. చివరికి రెండూ కలిపి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, "సరే, నమ్మాను" అంది.

ముప్పై ఆరేళ్ళలో ఆ మాట ఆమె నోట వినడం నాకదే మొదలు. మళ్ళీ వింటానని ఆశ లేదు. ఇంటికి రాగానే అక్క మంచం కిందికి వంగి సుద్దగీతలు లెక్కపెట్టుకుంది.