మొన్నటి తాజా చేప

పుష్పవతి ఏ గొంతైనా ఒక్కసారి వింటే చాలు, మర్నాటికి అది ఆమె నోట్లో ఉండేది. ప్రసంగానికి ముందు పాస్టరుగారు మూడుసార్లు గొంతు సవరించుకోవడం, తను పనిచేసే నర్సరీ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ పిల్లల్ని లెక్కపెట్టి రోజూ ఒకరిని తక్కువ చెప్పడం, ఓడ ఆలస్యమని జెట్టీ మైకులో చెప్పే ఆయన ముక్కుతో మాట్లాడడం, అన్నీ ఆమె దగ్గర భద్రంగా ఉండేవి. పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో వాళ్ళ వీధిలో ఎవరింట్లో విందు జరిగినా భోజనాలయ్యాక "పుష్పా, పాస్టరుగారిని చెయ్యి" అని పట్టుబట్టేవారు. పాస్టరుగారు అక్కడుంటే ఆయనే ముందు అడిగేవారు.

తండ్రి యేసురాజు పందొమ్మిదివందల యాభైల్లో వడ్రంగి పని కోసం గోదావరి జిల్లా నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు. పుష్పవతి ఇక్కడే పుట్టింది, హిందీ బళ్ళో చదివింది. తెలుగు కీర్తనల పుస్తకం చేతికిస్తే కూడబలుక్కుని చదివేది. పుస్తకం మూసేస్తే వంద కీర్తనలు తడుముకోకుండా పాడేది. భర్త ఆనందబాబుది దీవుల మధ్య తిరిగే ఓడలో ఇంజను గదిలో పని. నెలలో సగం రోజులు నీటిమీదే ఉండేవాడు.

1996 క్రిస్మస్‌కి చర్చి హాల్లో వేసిన నాటికలో పుష్పవతి ఒక్కతే నలుగురు ఆడవాళ్ళ వేషాలు కట్టింది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో నిఖిల్‌దా ఉన్నాడు. ఆయన చిన్నప్పుడు తూర్పు బెంగాల్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఊళ్ళోని ఒక కేబుల్ టీవీ వాళ్ళకి ప్రతి శనివారం సాయంత్రం అరగంట హాస్య కార్యక్రమం చేసిపెట్టేవాడు. దాని పేరు 'ఠీక్ సాత్ బజే'. పేరుకు తగ్గట్టు సరిగ్గా ఏడింటికి మొదలయ్యేది. ముందుగా తీసిపెట్టుకోవడం ఏమీ లేదు. నటులు ఇక్కడ మాట్లాడుతుంటే అక్కడ ఇళ్ళల్లో అప్పటికప్పుడు కనిపించేది. అందులో వేషాలకి పుష్పవతిని రమ్మన్నాడు.

"మధ్యలో తప్పు చేస్తే?" అని అడిగింది పుష్పవతి మొదటిరోజు.

"అందరూ చూస్తారు," అన్నాడు నిఖిల్‌దా హిందీలో. "అందుకే ఎవరూ టీవీ కట్టెయ్యరు."

అబర్డీన్ బజార్‌లో బట్టల కొట్టు పైన ఒక గది. బయటి హారన్లు వినబడకుండా గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి తగిలించారు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని ఏడింటికి ఐదు నిమిషాల ముందే ఆపేసేవారు. ఇక అరగంటా చెమటలు. అరగంటలో ఐదారు చిన్న నాటికలు. ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య ఒక నిమిషం ప్రకటన వచ్చేది. ఆ నిమిషంలో దుప్పటి అడ్డం కట్టిన మూలకి పరిగెత్తి, అత్తగారి వేషం చీర విప్పి పోలీసు టోపీ పెట్టుకుని రావాలి. ఒకసారి పుష్పవతి టోపీ పెట్టుకుంది గాని ముక్కెర తియ్యడం మరిచిపోయింది. ఎదుటివాడు ఏమాత్రం తొణక్కుండా "సాబ్, ముక్కెర మీకు భలే నప్పింది" అన్నాడు. ఊరంతా వారంరోజులు అదే చెప్పుకుంది.

వర్షాకాలంలో రేకుల కప్పుమీద వాన పడితే మాటలు వినపడేవి కావు. అప్పుడు అందరూ మూగసైగలతోనే కథ నడిపించేవారు. కరెంటు పోతే మరీ తమాషా. వీళ్ళ గదికి జనరేటరుంది, చూసేవాళ్ళ ఇళ్ళకి లేదు. ఊరంతా చీకట్లో కూర్చునుంటే, ఆఖరుదాకా ఆపకూడదన్న నిఖిల్‌దా పట్టుదల మీద, చూసేవాళ్ళు లేకుండానే ఒళ్ళు దాచుకోకుండా ఆడేవారు. కెమెరా పట్టుకున్న మల్లేశు ఒక్కడే ప్రేక్షకుడు. నవ్వితే కెమెరా కదులుతుందని అతను పెదవి కొరుక్కునేవాడు.

'మఛ్లీ మౌసీ', అంటే చేపల పిన్ని, వేషం పుట్టింది ఆ వానల్లోనే. పుష్పవతి గుమ్మంలోకి వారానికి మూడురోజులు చేపల గంపతో ముసలమ్మ వచ్చేది. పేరే ముసలమ్మ గాని మనిషి యాభై దాటలేదు. శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి పెళ్ళయిన కొత్తలో మొగుడి వెంట వచ్చి, జంగ్లీఘాట్‌లో కాపురం పెట్టి, తమ పడవలో పడిన చేపలు వీధివీధీ తిరిగి అమ్మేది. ఆవిడ మాటలో ఉత్తరాంధ్ర యాసా హిందీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. "దీదీ, దేఖో ఈ సూర సేప, ఆంఖ్ దేఖో దాని ఆంఖ్!" అనేది గంప దించుతూనే, చేప కంటివైపు వేలు చూపించి. బేరం నచ్చకపోతే ముక్కెరని వేలితో ఒక్కసారి తిప్పేది. అంతే, ఇక ఆ ధర కదలదు.

ఇదంతా పుష్పవతి రిహార్సల్లో చేసి చూపిస్తే నిఖిల్‌దా కుర్చీలోంచి లేచాడు. ఆ రాత్రే నాటిక రాసేశాడు. ఆఫీసుబాబు గుమ్మంలో నిలబడి "మౌసీ, మఛ్లీ తాజా హై?" అని అడుగుతాడు. మౌసీ ముక్కెర తిప్పి, "ఏక్‌దమ్ తాజా బాబూ! పర్సోంకీ తాజా!" అంటుంది. మొన్నటి తాజా అన్నమాట. బాబు వాసన చూసి మూర్ఛపోతాడు.

ఆఫీసుబాబు వేషం గణేశ్వరరావుది. గరాచర్మలో ఇల్లు, ఒక సర్కారీ ఆఫీసులో నిజంగానే గుమాస్తా. వేషానికి కొత్తగా ఏమీ తెచ్చుకోనక్కర్లేదు. ఆఫీసు చొక్కాతోనే, చంకలో ఫైలుతోనే బస్సు దిగి వచ్చేసేవాడు.

నాటిక వేసిన మర్నాటినుంచి ఊళ్ళో అదే మాట. పుష్పవతి బస్సెక్కితే కండక్టరు "టికెట్ తాజా హై దీదీ, పర్సోంకీ తాజా!" అనేవాడు. స్కూల్లో నాలుగేళ్ళ పిల్లలు వేళ్ళతో లేని ముక్కెరలు తిప్పేవారు. వారం వారం మౌసీ రావాల్సిందే, ఆ మాట అనాల్సిందే. పుష్పవతికి కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఐదో వారానికి ఆమెకి ఒక సంగతి తోచింది. ముసలమ్మ వచ్చి చాలా రోజులైంది. జ్వరమేమో అనుకుంది. ఆదివారం ఆరాధన అయ్యాక జంగ్లీఘాట్ వెళ్ళింది. ముసలమ్మ ఇంటిముందు వల బాగుచేసుకుంటూ కనిపించింది. పక్కనే గంప, అందులో అమ్ముడుపోక ఉప్పు పట్టించిన చేపలు.

"పెద్దమ్మా, ఒంట్లో బాగాలేదా? మా వీధికి రావడం మానేశావు."

ముసలమ్మ తలెత్తలేదు. "వొచ్చి ఏటి సెయ్యాల?"

పుష్పవతి గుమ్మం పక్కన కూర్చుంది. ముసలమ్మ ఇంకో ముడి వేసి బిగించింది.

"నా మాట తీసావు, నా నడక తీసావు," అంది. "ముక్కెర తిప్పడం తీసావు. టీవీలో సూసి మా మనవరాలు అమ్మడు పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వినాను. దానికి నాకేటీ కోపం నేదు. గాని సేప కుళ్ళిందని ఎందుకన్నావమ్మా?"

"అది నాటిక పెద్దమ్మా. నీ గురించి కాదు..."

"నా గురించి కాకపోతే నా ముక్కెరెందుకు?"

ముసలమ్మ వల ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"ఇరవైయెనిమిదేళ్ళు ఈ గంప మోసినాను. నా సేప తిని ఒకరికి కడుపునొప్పొచ్చిందని సెప్పమను. మొదట అందరూ నవ్వుతాకి అడిగినారు, మౌసీ ఇది పర్సోందా అని. నవ్వి ఊరుకున్నాను. తరవాత మొప్ప ఎత్తి సూడ్డం మొదలెట్టినారు. తరవాత కొనడమే మానీసినారు. నువ్వు ఒక్క మాటన్నావు. నేను ఇంటింటికీ వెళ్ళి కాదు కాదు అని సెప్పుకోవాలా?"

ముసలమ్మ గొంతు ఎక్కడా పెంచలేదు. ఆ గొంతు కూడా మర్నాటికి తన నోట్లోకి వస్తుందని పుష్పవతికి తెలుసు. ఆ సంగతి తల్చుకుంటేనే ఆమెకి సిగ్గేసింది.

సోమవారం నిఖిల్‌దాకి అంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు, నొచ్చుకున్నాడు కూడా. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఆ మాట కోసమే ఊరంతా కూర్చుంటోంది పుష్పా. అది తీసేస్తే నాటికలో ఏం మిగులుతుంది? నెల తిరిగితే అందరూ మరిచిపోతారు."

"నెలరోజులు ఆవిడ ఏం తింటుంది దాదా?"

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. శనివారం నాటిక మారలేదు.

శనివారం మధ్యాహ్నం పుష్పవతి జంగ్లీఘాట్ వెళ్ళి ముసలమ్మ దగ్గర ఒక పెద్ద సూరచేప కొంది. ఎందుకో చెప్పలేదు. ప్రతివారం గంపలో అట్టముక్కతో చేసిన చేప ఉండేది. ఆవేళ ఐసు కింద, తడి గోనె మాటున నిజం చేప పెట్టింది. వాసన పసిగట్టి మల్లేశు అనుమానంగా చూశాడు గాని అప్పటికే ఏడు కొట్టింది, ఫ్యాను ఆగింది.

మూడో నాటిక మౌసీది. గణేశ్వరరావు ఫైలు చంకన పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మౌసీ, మఛ్లీ తాజా హై?"

పుష్పవతి ముక్కెర తిప్పింది. ఇక ఆ మాట వస్తుందని గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె నోరు విప్పలేదు. వంగి చేపని రెండు చేతులా ఎత్తి, కెమెరా ముందుకి నడిచి, మొప్ప విప్పి చూపించింది. ఎర్రగా, తడిగా ఉంది. మల్లేశు ఏం తోచక దాన్నే దగ్గరగా చూపించాడు.

"మేరీ మఛ్లీ ఆజ్ సుబహ్ కీ," అంది. నా చేప ఈ పొద్దుటిది. "సూడు బాబూ, ఆంఖ్ దేఖో దాని ఆంఖ్!"

గణేశ్వరరావు బిక్కచచ్చిపోయాడు. ఇది కాగితంలో లేదు. దుప్పటి పక్కనుంచి నిఖిల్‌దా రెండు చేతులూ ఊపుతున్నాడు. పుష్పవతికి కూడా ఆపైన ఏమనాలో తెలియదు. ఇంట్లో అనుకున్నది అంతవరకే. ఎదురుగా అతని చంకలో ఫైలు కనిపించింది. దాన్ని లాగి ముక్కుదగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఔర్ యే? తుమ్హారా ఫైల్ కబ్ కా హై బాబూ?" నీ ఫైలు ఎప్పటిది?

గణేశ్వరరావు ఆ ఫైలుని చూశాడు. నటించడం మరిచిపోయి, నిజంగా ఆఫీసులో ఎవరో అడిగినట్టు, నేల చూపులు చూస్తూ అన్నాడు: "తీన్ సాల్ కా."

మూడేళ్ళది! పుష్పవతి మూర్ఛపోయింది. ఎప్పుడూ బాబు పడే చోటే పడింది. మల్లేశు పెదవి కొరుక్కోలేకపోయాడు. ఆ నవ్వుకి కెమెరా ఊగి, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి గోడమీది బొంత కూడా కనిపించిందట.

కార్యక్రమం అయ్యాక నిఖిల్‌దా అరిచాడు. ఇంకెప్పుడూ రావొద్దన్నాడు. అరుస్తుండగానే ఫోన్లు మొదలయ్యాయి. పదో ఫోను పెట్టేసి, "వచ్చే వారం ఆరింటికల్లా రా," అని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్నే గుమ్మంలో గంప దిగింది.

"సేపని అలాగ పట్టుకుంటారేటి, సంటిపిల్లని ఎత్తుకున్నట్టు?" అంది ముసలమ్మ. "బొటనేలు మొప్పలోకి పెట్టాల. ఇలాగ."

బేరం ఒక్కరోజులో వెనక్కి రాలేదు. కొందరు మళ్ళీ కొన్నారు, ఇద్దరుముగ్గురు శాశ్వతంగా వేరే గంపకి మారిపోయారు. అయినా దుర్గాపూజ పండగ వచ్చేనాటికి ముసలమ్మ గంప మధ్యాహ్నానికల్లా ఖాళీ అవుతుండేది.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. ఇప్పుడు ఊళ్ళో కొత్త మాట "తీన్ సాల్ కా". ఏ ఆఫీసు కిటికీ దగ్గర చూసినా జనం అదే అంటూ నవ్వుతున్నారు. గణేశ్వరరావుని పైఅధికారి పిలిచి టీవీలో వేషాలకి ఎవరి అనుమతి తీసుకున్నావని అడిగాడు. ఆరువారాల తరవాత, ఉత్తరాన రోజంతా బస్సు ప్రయాణం ఉన్న మాయాబందర్‌కి బదిలీ వచ్చింది. ఆర్డరులో 'పరిపాలనా కారణాలవల్ల' అని మాత్రమే రాశారు. అసలు కారణం నాటికేనా కాదా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు.

పుష్పవతికి అన్నం సహించలేదు. ఒకరిని ఒడ్డుకి చేర్చబోయి ఇంకొకరిని నీళ్ళలోకి తోసినట్టయింది. తెల్లవారుజామున మాయాబందర్ బస్సు దగ్గరికి వెళ్ళింది. గణేశ్వరరావు పరుపుచుట్ట బస్సు మీదికి ఎక్కిస్తున్నాడు.

"భయ్యా, నావల్లే..."

"అరే దీదీ, ఏం మాటలివి?" అన్నాడు అతను. చేతులు దులుపుకుని దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఆవేళ నేను ఊరికే అనలేదు. సచ్చీ, నిజంగానే మూడేళ్ళ ఫైలు ఉంది నా టేబుల్ మీద. ఒక విధవరాలి పెన్షన్. నేను ఆపింది కాదు, అలాగని కదిపిందీ లేదు. టీవీలో నువ్వు అడిగేసరికి అదే కళ్ళముందుకొచ్చింది. పోయే ముందు పదిరోజులు దాని వెనకాలే తిరిగి సంతకం చేయించాను."

"మీ ఇంట్లో ఏమంటున్నారు?"

"మా ఆవిడ నిన్ను తిడుతోంది," అన్నాడు నిజాయితీగా. "ఇంకా కొన్నాళ్ళు తిడుతుంది. మాట్లాడించకు."

బస్సు కదిలాక కిటికీలోంచి ఫైలు పట్టుకున్నట్టు చంక బిగించి చూపించాడు. పుష్పవతి నవ్వబోయి ఏడ్చింది.

ఆ తరవాత మౌసీ నాటికలు రాసే పని నిఖిల్‌దా ఆమెకే ఒప్పజెప్పాడు. దేవనాగరి లిపిలో పెన్సిలుతో రాసుకునేది. ఎవరి గొంతైనా తీసుకుంటే ముందు వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళకే చేసి చూపించేది. కొందరు నవ్వి సరేనన్నారు. జెట్టీ మైకు ఆయన వద్దన్నాడు. ఆయన్ని వదిలేసింది. దానివల్ల కొన్ని నాటికలు చప్పబడ్డాయి కూడా. నిఖిల్‌దా ఆ సంగతి మొహంమీదే అనేవాడు.

రెండేళ్ళకి మెయిన్‌లాండ్ ఛానళ్ళు పెరిగాయి, శనివారం ఏడింటికి జనం పెద్ద పెద్ద సీరియళ్ళలో పడ్డారు. కేబుల్ వాళ్ళు ఇక చాలన్నారు. ఆఖరి శనివారం పుష్పవతి ముసలమ్మని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆవిడ కొత్త కోక కట్టుకుని, మల్లేశు పక్కన స్టూలు మీద కూర్చుని, బొంతల గోడలూ దుప్పటి మూలా వింతగా చూసింది.

"ఇంతేనా? ఈ గదిలోంచేనా ఊరంతా నవ్వింది?"

చప్పుడు చేయొద్దని ముందే పదిసార్లు చెప్పారు. రెండు నాటికలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగింది. మూడోదాన్లో పుష్పవతి పోలీసు టోపీతో పరిగెత్తుకొచ్చి తడబడి బోర్లా పడబోయింది. అది నాటికలో లేదు. ముసలమ్మ ఇక ఆగలేకపోయింది. గంప దించి వీధి మొదట్లోంచి కేకేసే ఆ గొంతుతో పడీపడీ నవ్వింది. మైకు ఆ నవ్వుని డాలీగంజ్‌కీ గరాచర్మకీ జంగ్లీఘాట్‌కీ ఇంటింటికీ చేరవేసింది. నటులందరూ మాటలు మరిచిపోయి నిలబడ్డారు. ఆఖరికి నిఖిల్‌దా కూడా దుప్పటి వెనకనుంచి బయటికొచ్చి, కెమెరాలో పడుతున్నానన్న ధ్యాస లేకుండా, పొట్ట పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడు.