శీను నవ్విన షాటు

దయ్యాలున్నయని ఎవలన్న అంటే, యాడున్నయో సూపియ్యిమని మీదికి లొల్లికి పోయేటోన్ని నేను. నడి బజార్ల దిష్టి నిమ్మకాయ కనబడితే కావాలని తొక్కి పోయినోన్ని. ఇప్పటికి గూడ నమ్ముతున్న అని చెప్తలేను. జరిగింది జరిగినట్టు చెప్త, అంతే.

రెండువేల ఆరు. వనపర్తిల డిగ్రీ ఆఖరి సంవత్సరం. నన్ను, జమీల్‌ను, శీనును ఒక జట్టు జేసి, చిన్న సినిమా తీసుకరమ్మన్నడు మా సారు. మాకు కెమెరా యాడిది? పెండ్లి వీడియోలు తీసే ఖాదరన్నను బతిమాలి తెచ్చుకున్నం. షాట్లు కత్తిరించి అతికించే మిక్సింగ్ గూడ ఆయన దుకాణంల కంప్యూటర్ మీదనే.

కథ, బోర్లు ఎండిపోయి పానం తీసుకున్న రైతుది. శీనుది పెబ్బేరు పక్క ఊరు, వాళ్ల చేన్లనే తీసినం. రైతు వేషం వాడే ఏసిండు. పొద్దుగాల పది గంటలకు, మంచి ఎండల, వాన్ని గడ్డిల పండవెట్టి సచ్చిపోయిన సీను తీసినం. కెమెరా జమీల్ చేతుల ఉండె.

ఖాదరన్న ముందే గట్టిగ చెప్పి పంపిండు. సచ్చినట్టు యాక్టింగ్ జేసినోన్ని గట్లనే ఇడిసిపెట్టొద్దు, ఎంబడే లేపి కెమెరా దిక్కు నవ్వియ్యాలె, ఆ నవ్వు టేపు మీద ఉండాలె, లేకుంటే మంచిది గాదని. నేను ఎక్కిరించిన. కాని తీసినం. శీను లేసిండు, పండ్లన్ని బయటవెట్టి నవ్విండు.

మూడు దినాలకు మిక్సింగ్‌కు కూసున్నం. పట్టపగలు. టేపు కంప్యూటర్ల ఎక్కుతుంటె నలుగురం సూస్తున్నం. సచ్చిన సీను అయిపోయింది, ఇగ నవ్వు రావాలె. రాలె. శీను గట్లనే పండుకోని ఉన్నడు. మా మాటలు మాత్రం ఇనబడుతున్నయి. "లెవ్వురా, నవ్వురా" అని నేను, ఎనక జమీల్ ఇకిలింపు. నలభై సెకన్లు. వాడు కన్ను తెరువలే.

టేపు కరాబైతే మాటలు గూడ కరాబు గావాలె గద. బటన్ నొక్కుడు మరిస్తే అసలు బొమ్మనే ఉండొద్దు. ఏండ్ల సంది గిదే పని జేసే ఖాదరన్న మూడుసార్లు ఎనకకు తిప్పి సూసి, లేసి బయటికి పోయిండు.

నా పక్కన కూసున్న శీను మొఖంల నెత్తురు సుక్క లేదు. "నేను లేసిన గదరా?" అని ఒక్కతీరుగ అడుగుతుండు. లేసినవ్ రా అని మేమిద్దరం. నవ్వు మల్ల తీద్దామని అప్పుడే కెమెరా పట్టినం. పెదాలు సాగదీసిండు గాని, వానికి నవ్వు రాలే.

పదిహేను దినాలకు వానికి జరమొచ్చింది. వనపర్తి దవాఖానల రెండు దినాలు, కర్నూల్ల నాలుగు. జరం మెదడుకెక్కిందన్నరు. నేను, జమీల్ దవాఖాన మెట్ల మీద కూసోని చేతులు పిసుక్కునుడు తప్ప ఏం జేయలేకపోయినం. ఆరో దినం శీను పోయిండు. సినిమా ఆడికే ఆగిపోయింది. సారు గూడ అడుగలే.

నెలకు వాళ్లమ్మ దుకాణానికొచ్చింది. ఇంట్ల శీనువి రెండే ఫోటోలు, రెండిట్ల మొఖం ముడుసుకోనే ఉన్నడంట. "నా కొడుకు నవ్వింది మీ తాన ఉన్నదంట గద, ఒక్కసారి సూపియ్యి బిడ్డా" అని నా చెయ్యి పట్టుకున్నది. లేదని ఏ నోటితో చెప్పాలె? "టేపు కరాబైంది పెద్దమ్మా" అన్న. ఆమె కదలలే. ఖాదరన్న తల దించుకోని టేపు పెట్టిండు.

నాకు ఎప్పటి లెక్కనే కనబడ్డది, గడ్డిల పండుకున్న శీను. పెద్దమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది, నవ్వుకుంటనే ఏడ్సింది. "సూడు, నీ చెయ్యి పట్టుకోని లేస్తుండు. చెవి మీద గడ్డిపోస గూడ దులుపుకుంటలేడు, పిచ్చోడు" అన్నది.

ఆ రోజు వాన్ని చెయ్యి పట్టి లేపింది నేనే. చెవి మీద గడ్డిపోస ఉన్నది గూడ నిజమే. శీను చెప్పి ఉంటడు అంటడు జమీల్. చెప్పిండేమో. గంత చిన్న ముచ్చట తల్లికి ఎవడు చెప్తడు?

మల్లొక్కసారి పెట్టుమన్నది. పెట్టినం. ఆమె అడిగినన్నిసార్లు పెట్టినం. పక్కనే కూసోని రెప్ప కొట్టకుండ సూసిన. నా దోస్తు నవ్వు నాకొక్కసారి గూడ కనబడలే. ఎందుకో ఇయ్యాల్టికి తెల్వదు.