వచ్చాడు, వచ్చేవాడు

నా తమ్ముడి మీద వేసిన మనోవర్తి కేసు కొట్టేశారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా సంఘంలో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ, మరియమ్మగారు. కాలువ గట్టు మీంచి ఎండలో గొడుగు వేసుకుని వచ్చారు. “దేవుడు మీ పక్షాన నిలబడ్డాడమ్మా” అన్నారు. ఆవిడకు మంచినీళ్లు ఇచ్చాను. దేవుడు నిలబడలేదు. నిలబడింది నేను, సాక్షి బోనులో. పదకొండేళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేస్తే మా అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఆ మేలుకు ఇప్పటికీ ప్రతి ఉదయం దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఇదెందుకు రాస్తున్నానంటే, కోర్టుకిచ్చిన నా సాక్ష్యం కాగితంలో ఏముందో తెలియక సంతకం చేశానని నేను అనలేను. చదివాను. రెండుసార్లు చదివాను.

కరుణ నా తమ్ముడి భార్య. పెళ్లయిన ఆరేళ్లకు వాడు ఆమెను వదిలేసి నా దగ్గరికి వచ్చేశాడు. ఎందుకో వాడు సరిగా చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆమె మా వీధి చివర ఇంట్లోనే ఉండి, జాకెట్లు కుట్టుకుంటూ, రాజమండ్రి కోర్టులో మనోవర్తికి వేసింది. ఆమె ఇంటికి ఎవరైనా మగవాళ్లు రావడం చూశారా అని తమ్ముడి ప్లీడరుగారు నన్నడిగారు. చూశాను. ఒక వాన మధ్యాహ్నం ఆమె గుమ్మం మెట్టు మీద కుట్టుమిషన్ మెకానిక్ చెప్పులు చూశాను. అదే చెప్పాను. గుమాస్తా రాశాడు. ప్లీడరుగారు ఆ కాగితం చూసి కళ్లజోడు తీశారు.

“‘వచ్చాడు’ అంటే లాభం లేదమ్మా. ఒక్కసారి తప్పు చేసిందన్నా మనోవర్తి ఆగదు. అలాగే బతుకుతోందని తేలాలి. ‘వచ్చేవాడు’ అని ఉండాలి.”

“నేను ఒక్కసారే చూశానండి.”

“మీ కంటబడింది ఒక్కసారి. పడనివి ఎన్నో మీకేం తెలుసండి?”

“అక్కా, ఒక్క అక్షరమే కదా” అన్నాడు తమ్ముడు.

గుమాస్తా నవ్వాడు. “అమ్మగారు సువార్త రాస్తున్నట్టు ఆలోచిస్తున్నారండి!”

“మీరే దిద్దండమ్మా, మీ అక్షరం ముత్యంలా ఉంది” అన్నారు ప్లీడరుగారు.

దిద్దాను. పక్కన పొట్టి సంతకం చేశాను.

తమ్ముడి మీద ప్రేమతోనా? అలా అనుకుంటే తేలిగ్గా ఉంటుంది. కానీ బడి మొహం చూడని నన్ను ఒక ప్లీడరు మెచ్చుకున్నాడన్న పొంగు కూడా ఉంది. కరుణ పాట బాగుందని, కరుణ కుట్టు బాగుందని ఆదివారం ఆదివారం వింటూ నాలో పేరుకున్న కుళ్లు కూడా ఉందేమో. ఉంది. ‘ఏమో’ ఎందుకు?

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ మెకానిక్‌ను కరుణ ఇంటికి పంపింది నేనే. ఆమె మిషన్‌లో దారం తెగిపోతోందని, ఈస్టరుకు నా జాకెట్టు ఆలస్యమవుతోందని, వీధిలో వెళ్తున్న అతన్ని పిలిచి ఇల్లు చూపించాను. అతను వెళ్లాడు. బాగుచేశాడు. వాన తగ్గాక వెళ్లిపోయాడు. అంతే.

కోర్టులో ఆమె తరఫు ప్లీడరు అది అడిగారు. “అతన్ని మీరే పంపారు కదమ్మా?” “ఒక్కసారి పంపానండి. మిగతాసార్ల సంగతి నాకు తెలియదు” అన్నాను.

మిగతాసార్లు లేవు. ఆ మాట నాకెవరూ నేర్పలేదు.

బయట వరండాలో కరుణ ఎదురుపడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. “వదినగారండీ, ఆ మిషన్ ఇప్పటికీ బాగానే నడుస్తోందండి. మళ్లీ ఎవరినీ పిలవాల్సిన పని పడలేదు” అంది. అంతే అని, మెట్లు దిగిపోయింది.

తీర్పు వచ్చిన వారమే తమ్ముడు ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టించాడు. సాక్ష్యం చెప్పమని అందరూ నావైపు చూశారు. కోర్టులోనూ సంఘంలోనూ దానికి పేరు సాక్ష్యమే. లేచి నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. వీధిలో ఆడవాళ్లు కరుణ దగ్గరున్న జాకెట్టు గుడ్డలు ఒక్కొక్కరే వెనక్కి తెచ్చుకున్నారు. ఆమె మిషన్ అమ్మేసి మండపేట వెళ్లిపోయింది. అక్కడ రైసుమిల్లులో నూకలు చెరుగుతోందని విన్నాను. తర్వాత విడాకులూ అయిపోయాయి. తమ్ముడికి మళ్లీ పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. వాళ్లకు జడలు వేసేది నేనే.

ఇప్పటికీ గేటు చప్పుడైతే ఉలిక్కిపడతాను. ఖాకీ చొక్కా కనిపిస్తే, అది పోస్టుమ్యాన్‌దే అయినా, తలుపు చాటుకు తప్పుకుంటాను. ఇప్పుడు వెళ్లి నిజం చెబితే ఆ తీర్పు తిరగబడుతుందా? నన్ను జైల్లో పెడతారా? ఈ పిల్లలు నన్ను ఏ కళ్లతో చూస్తారు? నేను భయపడుతున్నది దేవునికా, తమ్ముడికా? ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టెకు చెయ్యి చాపేటప్పుడు, ఆ అక్షరం దిద్దిన వేళ్లను లోపలికి మడుచుకుంటాను. ఉదయం ప్రార్థనలో కంటిచూపుకు, కూటికి, అమ్మ నేర్పిన చదువుకు కృతజ్ఞత చెబుతాను. చదువు మాట మాత్రం గబగబా అనేసి ఆమెన్ అంటాను.

అందుకే ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. మెకానిక్ వచ్చాడు. ఒక్కసారి వచ్చాడు. నేను పంపితే వచ్చాడు. ఈ మూడు ముక్కలు కాగితం మీద చూసుకుంటే, పదకొండేళ్ల తర్వాత కాస్త ఊపిరి ఆడుతోంది. దీన్ని రాజమండ్రి తీసుకెళ్లే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

నా పేరు మీకు అక్కర్లేదు. ఆమె పేరు కరుణ. మీరు మోకరించినా, దీపం పెట్టినా, ఆ పేరు తలుచుకోండి. ఒక్కసారి తలుచుకుని ఊరుకోకండి. తలుచుకుంటూ ఉండండి.