దుబాయి పెట్టెలో వచ్చిన బొద్దింక

హాస్టల్ అల్మారాలో బొద్దింక వాసన తగిలితే, బాపు దుబాయి నుంచి తెచ్చిన అట్టపెట్టె గుర్తొస్తుంది. చొప్పదండిలో మా వాకిట్లో తాళ్లు కోసి పెట్టె తెరవగానే, సబ్బుల మధ్యనుంచి చిన్న బొద్దింక ఒకటి పరుగెత్తింది.

"గీ పురుగులల్లనే పండుకుంటున్నవా?" అంది అమ్మ.

"మా రూంల అందరికన్నా పాత కిరాయిదార్లు గవే," అని బాపు నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. కొంగుతో ముక్కు, నోరు మూసుకుంది. దాంతో బాపు ఒంటి మీద కూడా పురుగులున్నాయేమోనని నాకు అనుమానం పుట్టింది.

"దా బిడ్డా," అని ఆయన చేతులు చాపితే, చొక్కా జేబు వైపు చూస్తూ వెనక్కి జరిగాను.

అమ్మ ఆపుకున్నది ఏడుపని పెద్దయ్యాక తెలిసింది. అప్పటికే బాపు ఎన్నోసార్లు సెలవు మీద వచ్చి వెళ్లాడు. వచ్చిన ప్రతిసారీ చొక్కా దులిపి చూపించాకే నన్ను దగ్గరికి పిలిచేవాడు.